ఇంట్లోకి డ్రైనేజీ నీళ్లు వచ్చాయి: విజయవాడలో శుభ్రం చేసి ఆరబెట్టి ఇచ్చేవాళ్లను ఎలా పట్టుకోవాలి?

పటమట_పెద్దబ్బాయి

అందరికీ నమస్కారం. అమ్మానాన్న పటమటలో సొంతింట్లో, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటారు. నేను బెంగళూరులో ఉంటాను. మొన్న రాత్రి వానకు వీధి కాలువ పొంగి, బాత్రూమ్ జాలీలోంచి నీళ్లు ఎదురు తన్నాయి. తెల్లారేసరికి హాల్లో, రెండు బెడ్‌రూముల్లో, వంటింట్లో పిక్కల లోతు నీళ్లు. ఇప్పుడు దిగిపోయాయి, బురద మిగిలింది. ఇద్దరూ మేడ మీద అద్దెకున్నవాళ్ల దగ్గర ఉన్నారు. నాన్నకు ఆస్తమా. నా టెన్షనంతా అదే.

ఫోన్లో ఇద్దరు ముగ్గురు క్లీనింగ్ వాళ్లతో మాట్లాడాను. ఒకాయన "ఫుల్ హోమ్ డీప్ క్లీనింగ్, నలుగురు మనుషులు, ఒక పూట" అన్నాడు. గోడల్లో చెమ్మ సంగతేమిటంటే "అదే ఆరిపోద్ది సార్" అన్నాడు. ఇంకొకాయన ఫొటో కూడా చూడకుండా రేటు చెప్పేశాడు. ఇంట్లో మాడ్యులర్ కిచెన్, ప్లైవుడ్ వార్డ్‌రోబులు ఉన్నాయి. ఎవర్ని పిలవాలి, ఏ వరసలో పిలవాలి, ఏం అడగాలి? ఈ రాత్రి బస్సుకు బయల్దేరుతున్నాను.

సింగ్‌నగర్_శీను

తమ్ముడూ, ముందు నాన్నగారిని కింద ఇంట్లోకి దిగనివ్వకు. సామాను చూసుకుంటాననో, దేవుడి పటాలు తెస్తాననో దిగుతారు. పెద్దవాళ్లు ఆగరు, గట్టిగా చెప్పు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీదకి వచ్చినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు రోజుల తరబడి నీళ్లు నిలబడ్డాయి. నీళ్లు తీశాక ఫైరింజన్లు పెట్టి వీధులూ ఇళ్లూ కడిగారు. బురద పోయింది, ఇల్లు చూడ్డానికి శుభ్రంగానే ఉంది. కానీ గోడలు ఆరలేదు. మంచాలు మళ్లీ వేసుకుని పడుకున్న ఇళ్లలో బీరువాల వెనక నల్లగా బూజు పట్టింది, పిల్లలకు దగ్గులు మొదలయ్యాయి. కడిగేవాళ్లు మన ఊళ్లో వీధికొకరు దొరుకుతారు. ఆరబెట్టేదాకా బాధ్యత తీసుకునేవాళ్లు దొరకడమే కష్టం. నువ్వు వెతకాల్సింది వాళ్లను. డీప్ క్లీనింగ్ ప్యాకేజీ అనేది దుమ్ము పట్టిన ఇంటికి చేసేది. డ్రైనేజీ నీళ్లు వచ్చిన ఇంటికి అది చాలదు.

కరెంటు_సుబ్బారావు

నేను లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ని. క్లీనింగ్ వాళ్లకంటే ముందు మా మనిషి ఒకడు ఆ ఇంట్లో అడుగుపెట్టాలండి. ఇది నా పని కాబట్టి చెప్పే మాట కాదు.

మెయిన్ ఆఫ్ చేశాం కదా అని అందరూ ధైర్యంగా నీళ్లలోకి దిగుతారు. ఇన్వర్టర్ సంగతి గుర్తుండదు. మెయిన్ పడేసినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుంది. ముందు ఇన్వర్టర్ ఆపించండి, తర్వాత బ్యాటరీ వైర్లు విప్పించండి. ఆ పని కూడా తెలిసినవాళ్లతోనే. మీటరు గానీ, సర్వీసు వైరు గానీ తడిస్తే 1912కి ఫోన్ చేయండి, డిపార్ట్‌మెంటు వాళ్లు వచ్చి చూడాలి, మనం ముట్టుకోకూడదు.

పిక్కల లోతు అంటున్నారు కాబట్టి కింద ప్లగ్ పాయింట్లలోకి నీళ్లు వెళ్లినట్టే లెక్క. పైకి ఆరినట్టు కనిపించినా గోడలోని పైపుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. వచ్చిన ఎలక్ట్రీషియన్‌ని "మెగ్గర్ ఉందా?" అని అడగండి, వైర్లలోంచి కరెంటు లీకవుతుందేమో కొలిచే మీటరు అది. టెస్టర్ పెట్టి చూసి బాగానే ఉందండీ అనేవాడు వద్దు. మెగ్గర్‌తో ఒక్కో సర్క్యూట్ చూసి, కనీసం ఒక మెగా ఓమ్ వస్తేనే లైన్ ఇవ్వాలి. రాని సర్క్యూట్ అలాగే విప్పి ఉంచి, ఆరాక మళ్లీ చూడాలి. కరెంటు లీకైతే లైన్ దానంతటదే కట్ చేసే స్విచ్, అదే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, లేకపోతే ఈ పనిలోనే పెట్టించేయండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పనిచేస్తున్నాయో లేదో చూద్దామని ఆన్ చేయొద్దు. మెకానిక్ విప్పి ఆరబెట్టాక బతికే మోటారు, తడి మీద ఆన్ చేస్తే కాలిపోతుంది.

పటమట_పెద్దబ్బాయి

సుబ్బారావు గారూ, ఇన్వర్టర్ సంగతి నిజంగా నాకు తట్టలేదు. మేడ మీద అబ్బాయికి ఇప్పుడే ఫోన్ చేసి ఆపించాను. బ్యాటరీ ఎలక్ట్రీషియన్ వచ్చాకే విప్పుతాం. చాలా థాంక్స్ అండి.

గుణదల_క్లీనింగ్

నేను ఈ పనిలోనే ఉన్నాను. ఇక్కడ నా నంబరు పెట్టను, నా పని అమ్ముకోవడానికి రాయడం లేదు. పిలిచేవాళ్లు ఏం అడగాలో మా వైపు నుంచి చెబుతాను.

మొదట "ఇది కాలువ నీళ్లా, మంచినీళ్లా?" అని వాళ్లే మిమ్మల్ని అడగాలి. ఆ ప్రశ్న రాకపోతే వాళ్లకు ఈ పని తెలియదు. ట్యాంకు పొంగిన నీళ్లయితే పరుపు ఎండబెట్టుకోవచ్చు. డ్రైనేజీ నీళ్లు తాగిన పరుపు, దూది దిండ్లు, సోఫా స్పాంజి, నార తివాచీ ఎంత ఉతికినా పనికిరావు, పారేయాల్సిందే. స్టీలు, గాజు, పింగాణీ కడిగి వాడుకోవచ్చు. బట్టలు వేడినీళ్లలో విడిగా ఉతకాలి.

రెండోది, మనుషులకు గమ్ బూట్లు, రబ్బరు గ్లౌజులు ఉన్నాయా అని అడగండి. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది, కాలికి చిన్న పుండున్నా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే ప్రమాదం ఉంది. చెప్పుల్లేని కుర్రాళ్లను పంపే కాంట్రాక్టరు మీ ఇంటి సంగతి కూడా అంతే పట్టించుకుంటాడు.

మూడోది మందు. ముందు బురద మొత్తం తీసి, సబ్బు నీళ్లతో కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్. బురద మీద బ్లీచింగ్ చల్లితే దాని బలమంతా బురదకే సరిపోతుంది. 33 శాతం క్లోరిన్ ఉన్న మంచి పౌడరైతే లీటరుకు 15 గ్రాములు కలిపితే అర శాతం ద్రావణం వస్తుంది, నేలకూ టైల్స్‌కూ అది చాలు. బ్లీచింగ్‌తో బాత్రూమ్ యాసిడ్ కలిపితే మాత్రం విషవాయువు వస్తుంది. తొందరలో కుర్రాళ్లు ఈ పని చేస్తారు, దగ్గర ఉండి చూడండి. మీ నాన్నగారికి ఆస్తమా కాబట్టి బ్లీచింగ్ వాసన పూర్తిగా పోయేదాకా ఆయన్ని దించొద్దు.

కృష్ణలంక_కుర్రాడు

అన్నా, మా పెయింటర్ అయితే డ్యాంప్ ప్రూఫ్ కోటింగ్ వెంటనే కొట్టించేయమంటాడు. రెండు సార్లు వేస్తే చెమ్మ బయటికి రాదు, వాసన కూడా ఉండదట. అంత తతంగం అవసరమా?

రిటైర్డ్_ఏఈ_గవర్నర్‌పేట

బాబూ, ఆ సలహా దయచేసి ఎవరూ పాటించవద్దు. తడి గోడకు కోటింగ్ వేస్తే తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే. వారాల్లోనే పెయింటు బుడగలు లేచి, లప్పం పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ లోపలి నీరు బయటికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మధ్యలో తెల్లగా ఉప్పు పొంగుతుంది, దాన్ని బ్రష్‌తో పొడిగానే దులపాలి, కడగకూడదు.

పటమట బాబుకు రెండు చోట్లు ప్రత్యేకంగా చెబుతాను. మాడ్యులర్ కిచెన్ కింద క్యాబినెట్లకు, నేలకు మధ్య పొడుగ్గా ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. క్లిప్పులే కాబట్టి చేత్తో లాగితే ఊడి వస్తుంది. ఊడదీసి, వంగి టార్చి వేసి చూడండి. ఇల్లంతా తుడిచాక కూడా అక్కడ నీళ్లు నిలిచి ఉంటాయి, బొద్దింకలు తేలుతుంటాయి. పైన క్యాబినెట్ తలుపులు మెరుస్తుంటాయి, కింద పార్టికల్ బోర్డు కాళ్ల దగ్గర ఉబ్బిపోయి ఉంటుంది. వేలితో నొక్కితే మెత్తగా దిగిందంటే ఆ పెట్టె అయిపోయినట్టే. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అయితే నిలబడే అవకాశం ఉంది. వచ్చిన టీమ్ ఈ పట్టీ ఊడదీయకుండా వంటిల్లు అయిపోయిందంటే నమ్మవద్దు.

రెండోది వార్డ్‌రోబుల వెనక. గోడకు బిగించినవి విప్పడానికి వడ్రంగి కావాలి. క్లీనింగ్ వాళ్లతోపాటు అదే రోజు వడ్రంగి కూడా ఉండేట్టు చూసుకోండి. బూజు మొదలవడానికి ఒకటి రెండు రోజులు చాలు. మీకు ఇప్పటికే ఆ గడువు దగ్గర పడింది.

బ్రాడీపేట_అక్క

మాది గుంటూరు, బ్రాడీపేటలో అపార్ట్‌మెంటు. మేము ఊళ్లో లేనప్పుడు పై ఫ్లాట్‌లో వాటర్ ప్యూరిఫైయర్ పైపు ఊడి, మా హాల్లో జిప్సమ్ సీలింగ్ అంతా నాని కిందికి కుంగింది. ఖర్చు ఎవరు భరించాలని పై ఫ్లాట్ వాళ్లతో, అసోసియేషన్‌తో జరిగిన గొడవ ఇక్కడ అక్కర్లేదు. టీమ్‌ని ఎలా ఎంచుకున్నామో అది చెబుతా, తమ్ముడికి పనికొస్తుంది.

వచ్చిన మొదటి టీమ్ థర్మల్ కెమెరా తెచ్చి, స్క్రీన్ మీద నీలం మరకలు చూపించి భయపెట్టారు. ఆ కెమెరా చూపించేది చల్లదనం, తడి కాదు. ఏసీ గాలి తగిలిన గోడ కూడా నీలంగానే కనిపిస్తుంది. నీలం కనిపించిన చోట పిన్నులున్న మాయిశ్చర్ మీటరు గుచ్చి చూస్తేనే తడి ఉందో లేదో తెలిసేది. మీటరేదీ అంటే తేలేదన్నారు, పంపించేశాం.

రెండో టీమ్ మేస్త్రీ పెద్దగా మాట్లాడలేదు. జేబులోంచి మీటరు తీసి, ముందు మా బాల్కనీ పక్కన పొడిగా ఉన్న గోడకు పెట్టాడు. "ఇది మీ ఇంట్లో పొడి లెక్కమ్మా, తడిసిన గోడ ఈ నంబరు దగ్గరికి వచ్చినరోజు నా పని అయిపోయినట్టు" అన్నాడు. ఇక వేరేవాళ్లను పిలవలేదు. ఏ గోడ, ఏ ఎత్తులో, ఏ రోజు ఎంత రీడింగ్ అనేది కాగితం మీద రాయించుకున్నాం. పెన్సిల్‌తో గోడ మీద చిన్న గీత పెట్టించాం, రోజూ అక్కడే చూడాలని. మిషన్ అద్దె రోజుకింత, మనుషుల కూలి విడిగా, సామాను విడిగా రాయించుకోండి. అంతా కలిపి ఒకే ముద్దగా చెప్పే రేటుకు ఒప్పుకోవద్దు. ఆరడం ఆలస్యమైతే గొడవ వచ్చేది అక్కడే.

తెనాలి_మిల్లు

అక్కా, మా రైస్ మిల్లులో తేమ మీటరు ఉంది, ధాన్యం 17 శాతం లోపు ఉందో లేదో చూసేది. తమ్ముడికి కావాలంటే తెచ్చిస్తాను. గోడకు పనిచేస్తుందా?

రిటైర్డ్_ఏఈ_గవర్నర్‌పేట

మీ మంచి మనసుకు సంతోషం. కానీ అది పనికిరాదు. గిన్నెలో గింజలు పోసి చూసేది అది. చెక్కకూ గోడకూ గుచ్చే రెండు పిన్నుల మీటరు వేరు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది కూడా చెక్కకే శాతం సరిగా చెబుతుంది. గోడ మీద వచ్చే అంకెను శాతంగా తీసుకోకూడదు, పొడి గోడతో పోల్చుకోవాలంతే. గుంటూరు మేస్త్రీ చేసింది సరిగ్గా అదే.

మీటరు లేకపోతే ఒక పాత పద్ధతి ఉంది. మందపాటి పాలిథీన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అతికించి, మర్నాడు చూడండి. లోపలి వైపు చెమ్మ బిందువులు పట్టినా, కింద గోడ రంగు ముదిరినా ఇంకా ఆరలేదన్నమాట.

సర్వేయర్_లక్ష్మీపురం

గుంటూరు నుంచి. ఇన్సూరెన్స్ సర్వే పనిలో ఉన్నాను. ఇంటికి పాలసీ ఉందా? నాన్నగారిని అడగండి, హోమ్ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్లు కట్టించి ఉండొచ్చు, చాలామందికి గుర్తుండదు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది. వరద, నీటి ముంపుతోపాటు ట్యాంకులు పొంగడం, పైపులు పగలడం కూడా అందులో ఉన్నాయి. బిల్డింగుకు తీసుకుంటే ఇంట్లో సామానుకు బిల్డింగు మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దానంతటదే వర్తిస్తుంది. నెలల తరబడి ఊటగా దిగిన చెమ్మకు సాధారణంగా రాదు. మీది ఒక్క రాత్రిలో జరిగింది.

ముందు కంపెనీకి తెలియజేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. బురద ఎత్తేముందు ప్రతి గదిలో గోడ మీద నీటి గీత కనిపించేలా, పక్కన కొలత టేపు పెట్టి ఫొటోలు తీయండి. ఫ్రిజ్, మెషీన్ల మోడల్ నంబరు స్టిక్కర్లు కూడా తీయండి. సర్వేయర్ వచ్చేదాకా ఇల్లు అలాగే వదిలేయాలనుకుంటారు కొందరు, అది తప్పు. నష్టం పెరక్కుండా చూసుకోవడం మన బాధ్యతేనని పాలసీలోనే ఉంటుంది. శుభ్రం చేయించండి, కానీ పాడైన సామాను మేడ మీదో వాకిట్లోనో పక్కన పెట్టండి. పరుపు కంపు కొడుతుంటే ఫొటోలు తీసి, ఒక ముక్క కోసి ఉంచి పారేయండి. క్లీనింగ్ వాళ్ల దగ్గర జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకోండి. తెల్లకాగితం మీద రాసిచ్చిన లెక్కతో మీ తరఫున మేం గట్టిగా వాదించలేం. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీకి, తర్వాత బీమా నియంత్రణ సంస్థ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు, ఆ పైన హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు ఉండదు.

సింగ్‌నగర్_శీను

సార్ చెప్పిన ఫొటోల మాట ప్రభుత్వ సాయానికి కూడా వర్తిస్తుంది. బుడమేరు ముంపుకు గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 ప్రకటించారు. లెక్కల్లో పేరు లేక తిరిగినవాళ్లలో, గోడ మీద గీతతో ఫొటో ఉన్నవాళ్లు కనీసం చూపించి అడగగలిగారు.

పటమట_పెద్దబ్బాయి

వచ్చేశాను. పాలసీ ఉంది, బ్యాంకు కట్టించినదే, క్లెయిమ్ నంబరు వచ్చింది. పొద్దున ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో వచ్చాడు. వంటింటి సర్క్యూట్, ఒక బెడ్‌రూమ్ ప్లగ్గులు ఫెయిల్, మిగతావి ఇచ్చాడు. వడ్రంగి, క్లీనింగ్ టీమ్ ఒకేసారి దిగారు. ఏఈ గారూ, ఆ పట్టీ లాగగానే వాసనకు అందరం బయటికొచ్చేశాం. గ్యాస్ పొయ్యి గట్టు కింద అంతా నల్లనీళ్లు. సింక్ కింద పెట్టె ఒక్కటి పోయింది, మిగతావి ఆరితే నిలుస్తాయన్నాడు వడ్రంగి.

ఇప్పుడు ఆరబెట్టడం. టీమ్ వాళ్లు రెండు పెద్ద ఫ్యాన్లు ఇస్తామంటున్నారు, కిటికీలన్నీ తెరిచి పెట్టమంటున్నారు. బయట ముసురు పట్టే ఉంది. డీహ్యుమిడిఫయర్ అడిగితే అదెందుకు అంటున్నారు.

గుణదల_క్లీనింగ్

ముసురులో కిటికీలు తెరిస్తే బయటి తేమ లోపలికొస్తుంది. ఎండ కాసి గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నాలు తెరవండి. మిగతా సమయంలో గది మూసి, ఫ్యాను గాలి గోడకు ఏటవాలుగా తగిలేట్టు పెట్టి, డీహ్యుమిడిఫయర్ నడపాలి. ఫ్యాను గోడలోని తడిని గాలిలోకి తెస్తుంది, ఆ గాలిలోంచి నీటిని తీసేది డీహ్యుమిడిఫయర్. ఒకటి లేకుండా రెండోదాని వల్ల పెద్ద లాభం ఉండదు. ఏసీలు అద్దెకిచ్చేవాళ్లను అడిగి చూడండి. మిషన్ పెట్టె మీద రోజుకు 30 లీటర్లని ఉంటే అది 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమలో వచ్చే లెక్క, గది ఆరేకొద్దీ తగ్గుతుంది. మొదట్లో బకెట్ త్వరగా నిండుతుంది, రాత్రి కూడా పారబోసే మనిషి ఉండాలి, లేదా పైపు బాత్రూమ్‌లోకి వదలండి. మిషన్ అసలు దొరక్కపోతే ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి, నెమ్మదిగానైనా పని జరుగుతుంది. గాలిలో తేమ చూపించే హైగ్రోమీటర్ ఒకటి కొని గదిలో పెట్టండి. తేమ 60 శాతం కిందికి వచ్చేదాకా నాన్నగారి మంచం ఆ గదిలో వేయవద్దు.

బ్రాడీపేట_అక్క

తమ్ముడూ, సంపు మర్చిపోయావా? కాలువ నీళ్లు ఇంట్లోకి వచ్చాయంటే సంపు మూతలోంచి కూడా దిగే ఉంటాయి.

పటమట_పెద్దబ్బాయి

అక్కా, దిగాయి. నీళ్లు పచ్చగా ఉన్నాయి. మోటారు వేయొద్దని మేడ మీద వాళ్లకు చెప్పాను, క్యాన్ నీళ్లు తెప్పించుకుంటున్నారు.

గుణదల_క్లీనింగ్

పూర్తిగా తోడించి, అడుగు బురద తీయించి, గోడలు బ్రష్‌తో రుద్ది, బ్లీచింగ్ ద్రావణంతో కడిగించి, ఆ నీళ్లు కూడా తోడేయాలి. ఊరికే మూత తెరిచి మనిషిని దించొద్దు. ముందు గాలి ఆడనిచ్చి, పైన ఇంకో మనిషి తాడు పట్టుకుని ఉంటేనే దించాలి. బ్లీచింగ్ పట్టించేటప్పుడు లోపల ఎక్కువసేపు ఉంచకూడదు. మళ్లీ నింపాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు, బకెట్‌లో కలిపి తేట నీళ్లు మాత్రమే పోసి, గంట ఆగి వాడుకోండి. ఓవర్‌హెడ్ ట్యాంకులోకి పాత నీళ్లు ఎక్కి ఉంటే దానికీ ఇదే పని.

పటమట_పెద్దబ్బాయి

మిషన్ దొరికింది. పిన్నుల మీటరు గుచ్చితే నాన్న పడుకునే గది దర్వాజా చెక్క మొదట 28 శాతం చూపించింది, మేడ మీద అలాంటిదే 12. ఇవాళ 19కి వచ్చింది. గోడ ఇంకా చాలా దూరంలో ఉంది. వాళ్లిద్దర్నీ అన్నయ్య వాళ్లింటికి గుంటూరు పంపేశాను, నేను ఇక్కడి నుంచే పని చేసుకుంటున్నాను. రంగులు సంక్రాంతికి ముందు వేయించను, వేరేవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.

చివరిగా ఒక్కటి. కాలువ నీళ్లు మళ్లీ జాలీలోంచి ఎదురు తన్నకుండా ఇప్పుడే ఏమైనా చేయించవచ్చా?

రిటైర్డ్_ఏఈ_గవర్నర్‌పేట

చేయించవచ్చు. ఇంటి డ్రైనేజీ పైపు వీధి కాలువలో కలిసే చోట, మీ కాంపౌండు లోపలే, ఒక ఛాంబరు కట్టించి నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి, నీళ్లను బయటికి పోనిచ్చి, వెనక్కి వస్తే రేకు మూసుకుని ఆపేది అది. ఛాంబరు మూత తీసి చేయి పెట్టేంత జాగా ఉండాలి. జుట్టు, ప్లాస్టిక్ కవరు అడ్డుపడితే రేకు మూసుకోదు కాబట్టి, వానలకు ముందు ఒకసారి తీసి కడిగించాలి. వాల్వ్ మూసుకుని ఉన్నప్పుడు మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు, మేడ మీద వాళ్లు స్నానం చేస్తే అవే మీ జాలీలోంచి వస్తాయి. పెద్ద వాన రోజు వాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి. ప్లంబర్ వచ్చినప్పుడు పైపు వాలు, కాలువ అంచు ఎత్తు కొలిచి ఇక్కడ రాయండి, ఛాంబరు ఎంత లోతు కావాలో చెబుతాను.